బ్యాడ్‌ల్యాండ్స్‌కా, రూజ్‌వెల్ట్ పార్కుకా? కోసుకుపోయిన గడ్డినేల చూడాలంటే ఎటు వెళ్ళాలి

లాంగ్ వీకెండ్ దగ్గర పడితే అమెరికాలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ప్లాన్ తిరుగుతుంటుంది. షికాగో నుంచో మినియాపోలిస్ నుంచో కారులో బయలుదేరడం, మౌంట్ రష్‌మోర్, వీలైతే ఎల్లోస్టోన్. మధ్యలో ఎక్కడో సౌత్ డకోటాలోని ఈ నేషనల్ పార్కు పేరుతో "బ్యాడ్‌ల్యాండ్స్, 2 గంటలు" అని ఒక లైను. ఆ రెండు గంటలూ సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకు పడతాయి. ఎండ నడినెత్తిన ఉంటుంది. నీడనేది ఉండదు కాబట్టి గుట్టల మడతలు తెలియవు, సున్నం కొట్టిన గోడల్లా ఉంటాయి. జంతువు ఒక్కటీ కనపడదు. నాలుగు ఫొటోలు దిగి, "మట్టిదిబ్బలే కదా" అనుకుంటూ కారెక్కుతారు. మొదటిసారి మేమూ అంతే చేశాం.

తర్వాత అక్కడే రాత్రి ఉండి చూశాం. ఉత్తరాన, నార్త్ డకోటాలో ఉన్న థియోడర్ రూజ్‌వెల్ట్ నేషనల్ పార్కుకూ వెళ్ళాం. ఇప్పుడు ఎవరైనా "ఏది బాగుంటుంది?" అని అడిగితే ముందు నేనడిగేది వేరే ప్రశ్న: ఆ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు? అది తేలితే పార్కు సగం తేలినట్టే.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, వేళ. సూర్యుడు వాలినప్పుడే ఈ నేలకు రంగు వస్తుంది. జంతువులు తిరిగేదీ ఆ వేళల్లోనే. పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఏడింటికీ పార్కు లోపల ఉండాలంటే బస అరగంట దూరంలో ఉండాలి.

రెండోది, మీకు నేల కావాలా, జంతువులు కావాలా? రెండూ కావాలనే అంటారు, నాకు తెలుసు. కానీ ఒక్క రోజే ఉంటే ఏదో ఒకటి ముందుండాలి.

మూడోది, వెంట ఎవరున్నారు? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులుంటే చెక్కబాటలున్న చోటు కావాలి. పదేళ్ళ పిల్లాడుంటే ఎక్కడానికి గుట్ట కావాలి.

నాలుగోది వాన. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ నేల స్వభావమంతా అందులోనే ఉంది.

మా నాన్నది కర్నూలు జిల్లా. నల్లరేగడిలో పత్తీ శనగా పండించిన మనిషి. బ్యాడ్‌ల్యాండ్స్‌లో డోర్ ట్రయిల్ చివర అందరూ ఫొటోలు తీస్తుంటే ఆయన గొంతుక్కూర్చుని మట్టి చూస్తున్నారు. పైపొర ఎండి పేలాల్లా విచ్చుకుని ఉంది. ఒక పెళ్ళ తీసి వేళ్ళ మధ్య నలిపారు, అరచేతిలో వేసుకుని బాటిల్లోంచి నాలుగు చుక్కల నీళ్ళు పోశారు. క్షణంలో జిగటగా, వేలికి వేలు అంటుకుపోయేలా తయారైంది. "ఇది మన రేగడేరా, రంగు మారిందంతే" అన్నారు. ఆయన అన్నదాంట్లో నిజముంది. నీరు తగిలితే ఉబ్బి, ఎండితే పగిలే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి మన రేగడిలోనూ ఉంది, ఇక్కడా ఉంది. ఇక్కడిది ఎప్పుడో అగ్నిపర్వతాల నుంచి పడిన బూడిద కుళ్ళి తయారైంది. అది ఉబ్బడం, పగలడం, మళ్ళీ వానకు కొట్టుకుపోవడం వల్లే గడ్డినేల మధ్యలో ఈ గండ్లూ శిఖరాలూ ఏర్పడ్డాయి. (ఆ మట్టిని తీసిన చోటే పెట్టించాను. పార్కులోంచి రాయి, ఎముక, పువ్వు ఏదీ పట్టుకుపోకూడదు.)

అందుకే వాన పడిన రోజు ఏ పార్కులోనైనా మట్టిబాట మీద కాలు పెట్టకండి. ఒకసారి వినకుండా దిగాం. చెప్పుకు కిలో మట్టి చొప్పున అంటుకుని, పట్టుమని వంద అడుగులు నడవలేకపోయాం.

బ్యాడ్‌ల్యాండ్స్, సౌత్ డకోటా: నేల కోసం

కోసిన నేల చూడాలంటే దీనికి సాటి లేదు. ఇక్కడి ఆదివాసులైన లకోటా ప్రజలు దీన్ని "మాకో సికా", అంటే చెడ్డ నేల అనేవారు. ఫ్రెంచ్ బొచ్చు వ్యాపారులూ దాటడానికి కష్టమైన చెడ్డ నేల అనే అన్నారు. 1939లో నేషనల్ మాన్యుమెంట్‌గా ఏర్పడింది, 1978లో నేషనల్ పార్క్ అయింది.

గుట్టల మీది చారలు కింది నుంచి పైకి చదువుకోవాలి. అడుగున నల్లగా ఉన్నది సముద్రపు బురద, సుమారు 7 కోట్ల ఏళ్ళ కిందటిది. అప్పట్లో ఇదంతా సముద్రం. ఆ నీళ్ళు వెనక్కి తగ్గాక బురద పైభాగం ఎండకూ వానకూ మాగి పసుప్పచ్చగా మారింది. యెల్లో మౌండ్స్ దగ్గర పసుపు కుప్పలు పోసినట్టు కనపడేది అదే. ఆపైన బూడిదరంగు పొర, ఆపైన ఎర్రచారలు. ఒక్కో ఎర్రచార ఒకనాటి నేల, దాని మీద అప్పట్లో చెట్లో గడ్డో ఉండేవి. ఈ పొరల్ని నీళ్ళు కోయడం మొదలై 5 లక్షల ఏళ్ళయింది. ఏడాదికి సగటున ఒక అంగుళం పోతోంది. ఇంకో 5 లక్షల ఏళ్ళకు ఏమీ మిగలదని అంచనా.

పిల్లలకు ముందే ఒక సంగతి చెప్పి తీసుకెళ్ళండి: ఇక్కడ డైనోసార్లు దొరకవు. వాటి కాలంలో ఇది సముద్రం. ఇక్కడ దొరికేవి ఆ తర్వాత వచ్చిన పాలిచ్చే జంతువుల ఎముకలు. మేకంత గుర్రాలు, కొమ్ముల్లేని ఖడ్గమృగాలు, కత్తిపళ్ళ పిల్లిలాంటి జంతువులు. 2010లో ఏడేళ్ళ పాప ఒకతి విజిటర్ సెంటర్‌కు దగ్గర్లోనే అలాంటి కత్తిపళ్ళ జంతువు పుర్రెను చూసి రేంజర్లకు చెప్పింది. మా వాడికి ఈ కథ చెప్పాక రెండు గంటలు నేల వైపే చూస్తూ నడిచాడు, "ఇంకెంత దూరం?" అని ఒక్కసారి అడగలేదు.

ఇంకో సుగుణం, ఇక్కడ బాట వదిలి ఎక్కడైనా నడవనిస్తారు. అమెరికా పార్కుల్లో ఇది అరుదు. పిల్లలకు పండగే. పెద్దవాళ్ళకు ఫాసిల్ ఎగ్జిబిట్, విండో ట్రయిల్స్ పావు మైలు చొప్పున, మెట్ల బెడద లేకుండా ఉంటాయి. నాచ్ ట్రయిల్‌లో దుంగల నిచ్చెన ఎక్కాలి, దిగేటప్పుడు ఎక్కేటప్పటికంటే భయమేస్తుంది. ఎత్తులంటే టెన్షన్ పడేవాళ్ళు కిందే ఆగడం మంచిది.

జంతువుల సంగతికొస్తే, అందరూ తిరిగే తారురోడ్డు మీద బిగ్‌హార్న్ గొర్రెలు కనపడొచ్చు, అంతకుమించి ఆశపడకండి. బైసన్ (అమెరికా అడవిదున్న) కావాలంటే పిన్నకిల్స్ వ్యూపాయింట్ దగ్గర చీలే సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు ఎక్కాలి. అది కంకర రోడ్డు, దుమ్ము, గతుకులు. సగం మంది అక్కడే వెనక్కి తిప్పుతారు. తిప్పకండి. 1963లో తెచ్చి వదిలిన బైసన్ మందలు ఆ వైపే ఉంటాయి. అయిదు మైళ్ళు పోతే రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్ వస్తుంది. పేరు కుక్కే గానీ ఇవి ఉడుత జాతి. బొరియ ముందు చేతులు కట్టుకున్నట్టు నిలబడి, మనం దిగగానే కిచకిచమని ఊరందరికీ కబురు పెడతాయి. ఉన్నట్టుండి ఒకటి వెనక్కి విరుచుకుని ఎగిరి అరుస్తుంది, పక్కవి వంతపాడతాయి. దానికి గింజలు పెట్టకండి. వీటి మీదుండే గోమార్ల (ఫ్లీ పురుగుల) వల్ల ప్లేగు సోకొచ్చు.

ఆ ప్లేగు కథ వెనక ఇంకో జంతువుంది. ముంగిసలా సన్నగా ఉండే నల్లకాళ్ళ ఫెరెట్ తినేది ప్రధానంగా ప్రెయిరీ డాగ్‌లనే, ఉండేదీ వాటి బొరియల్లోనే. అంతరించిపోయిందనుకున్న ఈ జాతి 1981లో వయోమింగ్‌లో ఒక పశువుల కాపలా కుక్క నోట దొరికింది. అక్కడ మిగిలినవాటిని పట్టి, పెంచి, 1994 నుంచి బ్యాడ్‌ల్యాండ్స్‌లో వదిలారు. 2008లో పక్కనే ఉన్న కొనాటా బేసిన్‌కు ప్లేగు వచ్చి ప్రెయిరీ డాగ్‌లు పెద్ద ఎత్తున చచ్చాయి. ఇప్పటికీ ఆ గోమార్లు చావడానికి బొరియ బొరియకూ మందు కొడుతుంటారు. ఫెరెట్ రాత్రిపూట తిరిగే జంతువు, మీకు కనపడుతుందని నేను చెప్పను.

పార్కు దక్షిణ భాగం పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో, అంటే లకోటాలకు కేటాయించిన నేలలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ నేలను ఓగ్లాలా లకోటాల దగ్గర తీసుకుని బాంబులు వేసే శిక్షణకు వాడారు, పేలని గుండ్లు ఇంకా దొరుకుతాయి. బాటలు లేవు, రోడ్లు తక్కువ. మొదటిసారి వెళ్ళేవాళ్ళు దాన్ని వదిలేయండి.

రూజ్‌వెల్ట్ పార్క్ సౌత్ యూనిట్, నార్త్ డకోటా: జంతువుల కోసం

ఐ-94 మీద మెడోరా ఊరికి ఆనుకునే ఉంది. బ్యాడ్‌ల్యాండ్స్ చూసి ఇక్కడికొచ్చినవాళ్ళు మొదట కొంచెం చప్పబడతారు. శిఖరాలు అంత వాడిగా ఉండవు, గుట్టలు గుండ్రంగా, గడ్డి కప్పుకుని ఉంటాయి. ఉత్తరం వైపు వాలుల్లో తేమ నిలుస్తుంది కాబట్టి అటు జునిపర్ చెట్లు, దక్షిణం వైపు ఉత్త మట్టి. ఒకే గుట్టకు రెండు ముఖాలు. మధ్యలో లిటిల్ మిస్సోరి నది, ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు. నీడ ఉందంటేనే నా ప్రాణం లేచి వస్తుంది.

ఆ నీడా నీళ్ళూ గడ్డీ ఉన్నాయి కాబట్టే జంతువులు ఎక్కువ. కారులోంచి దిగకుండా బైసన్, ప్రెయిరీ డాగ్ ఊళ్ళు, అడవి గుర్రాలు ఒకే సాయంత్రం చూడొచ్చు. అదృష్టముంటే ఎల్క్ అనే పెద్ద జింకలు. ఆ గుర్రాల్ని పార్కులోంచి తీసేయాలన్న ప్రతిపాదనకు జనం అడ్డం పడితే 2024లో దాన్ని వదులుకున్నారు. నాలుగు గుర్రాలు గుట్ట అంచున తోకలాడిస్తూ నిలబడి ఉంటే, కారులో మా అమ్మ ఫోన్ పక్కన పెట్టేసి చూసింది. అలా జరగడం ఆ ట్రిప్ మొత్తంలో అదొక్కసారే.

ఇక్కడి ఎర్రమట్టి వేరే రకం. నేలలో లిగ్నైట్ బొగ్గు పొరలున్నాయి. పిడుగు పడో కార్చిచ్చు తగిలో అవి అంటుకుంటే, పైనున్న మట్టి ఇటుకబట్టీలో కాలినట్టే కాలి గట్టిపడుతుంది. కోల్ వెయిన్ ట్రయిల్ దగ్గర అలాంటి మంట 1951 నుంచి 1977 దాకా కాలింది. కాలిన పెళ్ళను తడితే పెంకులా మోగుతుంది.

పేరు వెనక కథ కూడా చిన్నది కాదు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ 1883లో బైసన్ వేటకు ఇక్కడికొచ్చాడు. 1884 ఫిబ్రవరి 14న ఆయన భార్యా తల్లీ ఒకే రోజు, ఒకే ఇంట్లో చనిపోయారు. ఆ దుఃఖంతో ఇక్కడికొచ్చి పశువులు కాశాడు. ఆయన ఉన్న చెక్క ఇల్లు విజిటర్ సెంటర్ వెనకే ఉంది, అయిదు నిమిషాల పని.

లోపాలూ ఉన్నాయి. లూప్ రోడ్డులో ఒక ముక్క నేల జారిపోయి 2019లో మూసేశారు. కొన్నేళ్ళపాటు వెళ్ళిన దారినే తిరిగి రావాల్సి వచ్చింది. వెళ్ళేముందు పార్కు వెబ్‌సైట్‌లో రోడ్డు సంగతి చూసుకోండి. పైగా రష్‌మోర్‌కు ఇది దారిలో లేదు, ర్యాపిడ్ సిటీ నుంచి సుమారు 240 మైళ్ళు.

రూజ్‌వెల్ట్ నార్త్ యూనిట్: సందడి వద్దనుకునేవాళ్ళకు

మెడోరా నుంచి సుమారు 70 మైళ్ళు ఉత్తరాన. ఒకే రోడ్డు, 14 మైళ్ళు, చివర ఆక్స్‌బో ఓవర్‌లుక్. గండి ఇక్కడ లోతు ఎక్కువ. మంచుయుగంలో హిమనదాలు అడ్డుపడి, ఉత్తరానికి పోయే నదిని తూర్పుకు తిప్పేశాయి. వాలు పెరిగేసరికి అది నేలను గట్టిగా కోసింది. రోడ్డు పక్కన ఫిరంగి గుండ్లలా గుండ్రటి రాళ్ళు మట్టిగోడల్లోంచి పొడుచుకు వస్తుంటాయి, పిల్లలు వదలరు. గుర్రాలు ఉండవు. బదులుగా పాతకాలపు పశువుల మందలకు గుర్తుగా లాంగ్‌హార్న్ పశువుల్ని ఉంచారు. ప్రెయిరీ డాగ్‌లు చూడాలంటే నడవాలి.

ఒక చిక్కు: సౌత్ యూనిట్ మౌంటెన్ టైమ్, నార్త్ యూనిట్ సెంట్రల్ టైమ్. గంట తేడా. ఫోన్ ఎటు తిరిగితే అటు మారుతుంది, గడియారం మారదు. సూర్యాస్తమయం లెక్క తప్పేది అక్కడే.

డైనోసార్ ప్రొవిన్షియల్ పార్క్, కెనడా: ఎముకల కోసం

కాల్గరీలో ఉన్నవాళ్ళకు ఇదే మొదటి మాట. తూర్పుగా రెండున్నర గంటల దారి, బ్రూక్స్ ఊరికి దగ్గర. చదునైన గడ్డినేల మీద కారు పోతూ పోతూ ఉండగా నేల ఒక్కసారిగా తెగి, కింద రెడ్ డీర్ నది కోసిన లోయ కనపడుతుంది. 7.5 కోట్ల ఏళ్ళ కిందటి డైనోసార్లు ఇక్కడ రకరకాలు దొరికాయి. 1979లో యునెస్కో జాబితాలో చేరింది. ఎముకలు ఎక్కువున్న భాగంలోకి గైడుతో తప్ప వెళ్ళనివ్వరు, ఆ టూర్ ముందే బుక్ చేసుకోవాలి. బైసన్ ఉండదు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు దీనికోసం కెనడా వీసా, తిరుగు ప్రయాణం కాగితాలు అంటే పెట్టే శ్రమకు తగ్గది కాదని నా అభిప్రాయం.

| | బ్యాడ్‌ల్యాండ్స్ | రూజ్‌వెల్ట్ సౌత్ | రూజ్‌వెల్ట్ నార్త్ | డైనోసార్ పార్క్ |
|---|---|---|---|---|
| నేల | వాడి శిఖరాలు, రంగు చారలు | గడ్డి కప్పిన గుట్టలు, కాలిన ఎర్రమట్టి | లోతైన గండి, గుండ్రటి రాళ్ళు | లోయ, డైనోసార్ పొరలు |
| జంతువులు | కంకర రోడ్డెక్కితే బైసన్ | కారులోంచే ఎన్నో | బైసన్, లాంగ్‌హార్న్ | తక్కువ |
| పెద్దవాళ్ళకు | చెక్కబాటలున్నాయి | కారులోనే గడిచిపోతుంది | వ్యూపాయింట్లు చాలు | ఎండ ఎక్కువ |
| బస | వాల్, ఇంటీరియర్, పార్కు క్యాబిన్లు | మెడోరా, డికిన్సన్ | వాట్‌ఫర్డ్ సిటీ | బ్రూక్స్ |

మీరు ఎవరైతే ఏది

అమ్మానాన్నలతో రష్‌మోర్‌కు వెళ్తున్నారా? బ్యాడ్‌ల్యాండ్సే, కానీ రోజు అమరిక మార్చండి. ఐ-90లో 131వ ఎగ్జిట్ దగ్గర సాయంత్రం నాలుగైదింటికి లోపలికి రండి. విండో, ఫాసిల్ ఎగ్జిబిట్ నడిచి, సూర్యాస్తమయానికి పిన్నకిల్స్ చేరుకోండి. వాల్‌లో పడుకోండి. తెల్లారి ఆరింటికి సేజ్ క్రీక్ రోడ్డులో బైసన్ చూసి, అప్పుడు రష్‌మోర్. అదనంగా అయ్యేది ఒక్క రాత్రి హోటల్ ఖర్చే.

తర్వాత ఎల్లోస్టోన్ కూడా ఉందంటే బైసన్ కోసం ఇక్కడ ఆగకండి, అక్కడ రోడ్డుకు అడ్డంగా నిలబడి మరీ కనపడతాయి. ఈ టైమంతా నేల మీద పెట్టండి.

చిన్నపిల్లలు, జంతువులే కావాలి, మినియాపోలిస్ నుంచి బయలుదేరుతున్నారంటే రూజ్‌వెల్ట్ సౌత్. నాలుగు రోజులుంటే ఇంకా మంచి దారుంది: ఐ-94 మీద మెడోరా వెళ్ళి, హైవే 85 మీదుగా కిందకు ర్యాపిడ్ సిటీకి దిగి, బ్యాడ్‌ల్యాండ్స్ చూసి ఐ-90 మీద ఇంటికి. రెండు పార్కులూ అవుతాయి, దారి రిపీట్ అవదు. రెండు చోట్లా కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది.

కెమెరా పట్టుకుని ఒంటరిగా వెళ్ళేవాళ్ళు నార్త్ యూనిట్‌కు వెళ్ళండి.

నెల విషయంలో నా ఓటు మే చివర లేదా సెప్టెంబరు. మేలో గడ్డి పచ్చగా, బైసన్ దూడలు నారింజరంగులో ఉంటాయి. జూలై, ఆగస్టు బైసన్ జతకట్టే కాలం, మగవి చిరాకుగా ఉంటాయి. ఎప్పుడైనా కనీసం 100 అడుగుల దూరం పాటించండి. తోక నిటారుగా లేచిందంటే ఫొటో మాట మరిచి కారులో కూర్చోండి. గడ్డిలో రాటిల్‌స్నేక్‌లుంటాయి, చెయ్యి పెట్టే చోటు చూసి పెట్టండి.

తిండి గురించి: వాల్, మెడోరా రెండూ మాంసం ఊళ్ళు. శాకాహారులకు ఫ్రైస్, సలాడ్ దగ్గర కథ ఆగుతుంది. మేం పులిహోర కట్టుకుని పోతాం. గాలి ఎంతుంటుందంటే, పిక్నిక్ బల్ల మీద ప్లేటు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తినాలి.

ఇంత చెప్పినా, హోటళ్ళన్నీ బుక్ అయిపోయి, ఒంటిగంటకే దిగి మూడింటికి వెళ్ళిపోయేవాళ్ళుంటారు. వాళ్ళు ప్రతి వ్యూపాయింట్ దగ్గరా కారాపకండి. 131 దగ్గర లోపలికొచ్చి డోర్ ట్రయిల్‌లో చెక్కబాట చివరి దాకా నడవండి, ఆ మట్టి మీద చెయ్యి పెట్టి చూడండి. తర్వాత ఆగాల్సింది యెల్లో మౌండ్స్ దగ్గర, నడినెత్తిన ఎండలో కూడా అక్కడి పసుపు నిలుస్తుంది. అక్కణ్ణుంచి రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్. అవి పగటి జీవులు కాబట్టి ఏదో ఒకటి బొరియ ముందు నిలబడి మిమ్మల్ని తిట్టకుండా పంపదు. 110వ ఎగ్జిట్ దగ్గర వాల్‌లో బయటపడి గ్యాస్ కొట్టించుకుని, మంచినీళ్ళు నింపుకోండి. అక్కడి వాల్ డ్రగ్ స్టోర్ 1930ల నుంచి దారినపోయేవాళ్ళకు ఐస్ వాటర్ ఉచితంగానే ఇస్తోంది.